మెట్లు లేని మూడంతస్తులు

ఆర్కిటెక్ట్ గంగాభవాని గురించి నర్సీపట్నంలో ఎన్ని గొప్పలు చెప్పుకున్నా తక్కువే. ఇక్కడి నుంచి చింతపల్లి ఘాటు దాకా ఆవిడ గీత పడని హోటల్ ఉందంటే అది ఇంకా కట్టని హోటలే. ఖాళీ గదిలో నిలబడి ఒక్క చిటిక వేస్తే చాలు, పక్కగది గురక ఇటు వినపడుతుందో లేదో చెప్పేస్తుంది. గొలుగొండ చెరకు రైతు కూతురు. ఇరవై రెండేళ్లలో ముప్పై ఏడు హోటళ్లు గీసింది. ఒక్కదానిలోనూ ఎవరికీ చిన్న దెబ్బ తగల్లేదు. ఆవిడ గర్వమంతా అదే.

ముప్పై ఎనిమిదోది బలిఘట్టం రోడ్డులో గణేశ్వరరావుది. అరకు పనిలో పడి భవాని నలభై రోజులు అటు వెళ్లలేదు. ప్రారంభోత్సవం ఉదయం వచ్చి, హాలు నడుమ కొయ్యబారిపోయింది. మెట్లుండాల్సిన చోట పాలరాతి వినాయకుడు కూర్చున్నాడు. తలెత్తితే మెట్ల కంత మూసేసిన కొత్త స్లాబు!

"సింగన్నా, మెట్లేవి?"

మేస్త్రి సింగన్న తలగోక్కున్నాడు. "తీసీసేమండి. నడిమధ్యన మెట్లుంటే ఓనరుకి గండమని సిద్ధాంతిగారు సెప్పారండి."

"మరి వేరేచోట కట్టలేదా?"

"ఏ మూల కట్టినా గదులు పోతాయని బాబుగారు ఒప్పుకోలేదండి. లిఫ్టుంది కదేటండీ!"

భవాని గబుక్కున లిఫ్టు వైపు తిరిగింది. "పైన ఎవరైనా ఉన్నారా?"

"పెద్దమ్మగారూ, సుట్టాలూ, ఓ నలభైమంది. మూడో అంతస్తులో పాలు పొంగిస్తన్నారండి."

ఆ మాట నోట్లో ఉండగానే కరెంటు పోయింది. జనరేటర్ ఇంకా రాలేదు. పైనుంచి కేకలు మొదలయ్యాయి.

అదృష్టం, వెనకవైపు రంగులవాళ్ల కర్రల పరంజా ఇంకా విప్పలేదు. పట్టుచీరల కొంగులు బిగించి ఒక్కొక్కరే దిగారు. గణేశ్వరరావు తల్లి, డెబ్బై ఏళ్ల సింహాద్రమ్మ, సింగన్న వీపు మీద దిగింది. కాళ్లు నేలకు ఆనగానే కొడుకు మీద విరుచుకుపడింది.

"నీకు గండం తప్పడానికి నన్ను కోతిని సేసేవేట్రా?"

గణేశ్వరరావు తల్లి వైపు చూడకుండా, రిబ్బన్ కత్తెర చేయి మార్చుకున్నాడు. అంతలో కరెంటు వచ్చింది. "భవానిగారూ, ఇంక కత్తిరించీమంటారా?"

"ముందు మీ ఆఫీసు గది, దానిపైన మూడు గదులూ కూలగొట్టాలి. అక్కడే మెట్లొస్తాయి."

"అయ్యబాబోయ్, అది నా గదండీ!"

"మీ గది కావాలా, మీ అమ్మగారు కావాలా?"

"ఆణ్ని అడగడమేటమ్మా, కొట్టీండి!" అంది సింహాద్రమ్మ.

భవాని సుద్దముక్క అందుకుని, ఆఫీసు గది నేల మీద మొదటి మెట్టు గీసింది.

"గీత వంకరొచ్చిందండి," అన్నాడు సింగన్న.

"మళ్లీ గీస్తాను. నువ్వు సుత్తి తే."