కుట్టుమిషన్ గుంజిన బొగ్గు టబ్బులు

మన గోదావరిఖని దోస్తులందరికీ ఒక ముచ్చట. నిన్న పొద్దున నేను చేసుకున్న నారోగేజ్ బొమ్మ రైలును నడిపిస్తూ ఫోన్‌ల వీడియో తీస్తున్న. ఫోన్ పట్టాల ఎత్తుకు దించి పెడితే, బుల్లి టబ్బులు, అంటే బొగ్గు మోసే డబ్బాలు, మలుపు తిరిగి నా మీదికే వస్తున్నయ్. గప్పుడు చక్రాలకు పెట్టిన కుట్టుమిషన్ నూనె వాసన తగిలింది. ఇగ అంతే, మా క్వార్టరు వరండా యాదికొచ్చింది.

మా బాపు బొగ్గుబాయిల హాలేజీ నడిపేటోడు. అంటే బొగ్గు టబ్బులను తాడుతోని పైకి గుంజే మిషన్. ఒకసారి ఆయన కాలు బెణికి ఇంట్ల ఉన్నప్పుడు అమ్మ అడిగింది, "గా చీకట్ల నువ్వు చేసే పనేంది? నాకు రోజూ భయమే."

బాపు చెప్పలేదు, చేసి చూపెట్టిండు. వాలుగ పెట్టిన పీట మీద చీపురుపుల్లల పట్టాలు, అగ్గిపెట్టెల టబ్బులు, సోడామూతల చక్రాలు. దారం ఒక కొస టబ్బులకు, ఇంకో కొస అమ్మ కుట్టుమిషన్ చక్రానికి కట్టిండు. మీ ఇండ్లల్ల గూడ గసొంటి కాలుమిషన్ ఉండె గదా?

బాయిల టబ్బులు గుంజుమని గంట కొట్టినట్టు నేను గిన్నె మీద చెంచాతోని కొట్టిన. అమ్మ తొక్కింది. పెసర్లు నింపుకొని టబ్బులు వాలు ఎక్కుతుంటే, ఖుషీల ఇంకా జోరుగ తొక్కింది. అన్నీ పల్టీ కొట్టినయ్, వరండా నిండ పెసర్లే!

"గిట్ల నడిపితే నా నౌకరి పోతది," అన్నడు బాపు నవ్వుకుంట.

"పోతే నువ్వు జాకెట్లు కుట్టు, నేనే డ్యూటీకి పోత," అన్నది అమ్మ.

కాలు మంచిగయినంక బాపు మళ్ల బాయికి పోయిండు. అప్పటి సంది ఆయన ఇంటికి రాంగనే అమ్మ, "ఇయ్యాల టబ్బులు పట్టాల మీదనే ఉన్నయా?" అని అడిగేది. డ్యూటీ ముచ్చట ఎన్నడూ ఎత్తని బాపు, చాయ్ చల్లారేదాక చెప్పేటోడు.