నలభై గజాల గీత

హోసియా ప్రూయిట్ మా హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో గడ్డి కోస్తాడు, తెల్లగీతలు వేస్తాడు. పందొమ్మిదేళ్లుగా ఇదే పని. సోమవారం పొద్దున ఒక్కడే మైదానమంతా తిరిగి, శుక్రవారం ఆటలో లేచిన గడ్డిని కాలితో తట్టి కూర్చోబెడతాడు. బరువుగా పరిగెత్తేవాడి కింద గడ్డి నలుగుతుందట. వేగం ఉన్నవాడి కింద చిన్న ముక్కలుగా తెగి వెనక్కి పడుతుందట. రెండేళ్ల క్రితం అలాంటి ముక్కొకటి పట్టుకుని కోచ్ గదికి వెళ్లాడు.

"ఇది ఎవరి పని?"

"కొత్త కుర్రాడు, జెరియస్ లాండ్రమ్. తిట్టాలా?"

"వద్దు. ఆడించండి."

జెరియస్ ఆడాడు. ఈ మే నెలలో బ్రాంట్లీ కీన్ అనే ఆయన ఒక కాలేజీ తరఫున వాణ్ణి చూడటానికి వచ్చాడు. లావుపాటి మనిషి. మెడలో స్టాప్‌వాచ్, చేతిలో ఉడికించిన వేరుశనగకాయల సంచి. వ్యాయామశాల వెనక రెండు గీతల మధ్య నలభై గజాల బాట ఉంది. ఎవడెంత వేగమో అక్కడే తేలుతుంది.

హోసియా రాకముందు ఆ బాట ముప్పై ఎనిమిది గజాలే ఉండేది. అప్పటి కోచ్ దాన్ని అడుగులు వేసి కొలిచాడు. ఆయనవి పొట్టి కాళ్లు. పనిలో చేరిన మొదటి వేసవిలోనే హోసియా టేపుతో కొలిచి సరిచేశాడు. చెడ్డపేరు మాత్రం పోలేదు. మా పిల్లలు ఎంతలో పరిగెత్తినా, కాలేజీల వాళ్లు దానికి సెకనులో రెండు పదో వంతులు కలుపుకుంటారు.

"కుర్రాడి చూపు బాగుంది, నడుము చటుక్కున తిరుగుతోంది. ఇక కాళ్లు చూడాలి," అన్నాడు కీన్.

జెరియస్ పరిగెత్తాడు. గడియారం నాలుగు పాయింట్ ఐదు ఎనిమిది చూపించింది. కీన్ నాలుగు పాయింట్ ఏడు ఎనిమిది అని రాసుకున్నాడు. ఆ అంకెకు స్కాలర్‌షిప్ రాదు. స్కాలర్‌షిప్ లేకపోతే జెరియస్‌కు కాలేజీ లేదు.

"అలా రాశారేంటి సార్?" అన్నాడు జెరియస్.

"మీ ఊరి లెక్క బాబూ అది. అందరికీ తెలిసిందే."

హోసియా గీతలు వేసే రంగుబండి వదిలి దగ్గరికి వచ్చాడు. "ఆ గీత నేను వేసింది."

"మిమ్మల్ని అనడం లేదు పెద్దాయనా."

"నన్నే అంటున్నారు. కొలవండి."

కీన్ కారులోంచి కొత్త టేపు తెచ్చాడు. జెరియస్ ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస దగ్గర కీన్ మోకాలి మీద కూర్చున్నాడు. టేపు మీది అంకెను వేలితో తడిమి చూశాడు.

"ఎంత తక్కువ?" అన్నాడు హోసియా.

"తక్కువ కాదు. గజం ఎక్కువ."

మళ్లీ కొలిచారు. నలభై ఒక్క గజాలే.

అప్పుడే హోసియా భార్య లూడీ భోజనం డబ్బా పట్టుకుని వచ్చింది. బడి వంటగదిలో పనిచేస్తుంది. "ఏంటా మొహాలు? ఎవరైనా పోయారా?"

"లూడీ, ఆ వేసవిలో టేపు ఆ కొసన పట్టుకుంది నువ్వే కదా?"

"నేనే. మొదటి మూడడుగులు తెగిపోయిన టేపు. కొత్తది కొనమంటే కొన్నావా?"

"తెగిందని తెలుసు. అందుకే నా వైపు మూడడుగులు కలిపాను."

లూడీ డబ్బా కింద పెట్టింది. "నేనూ మూడడుగులు వెనక్కి జరిగాను."

"నువ్వెందుకు జరిగావు?"

"నువ్వు మర్చిపోతావని."

"నాతో అనొచ్చుగా."

"అంటే, నాకు తెలుసులేవే అంటావు."

"నాకు తెలుసు కదా మరి."

కీన్ నవ్వాడు. నవ్వుతూ సంచి జారవిడిచాడు. వేరుశనగకాయలు గడ్డిలో దొర్లాయి.

హోసియా ఒక గజం ఇవతల కొత్త గీత వేశాడు. గీత తిన్నగా వచ్చింది. జెరియస్ వంగి, నేలకు వేళ్లు ఆనించాడు. లేచాడు. గీత దాటాడు.

నాలుగు పాయింట్ నాలుగు ఏడు.

కీన్ దాన్ని ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. కంచె దగ్గరికి వెళ్లి ఎవరితోనో మాట్లాడి, వచ్చి ఫోన్ జెరియస్ చేతికిచ్చాడు. వాడు నాలుగుసార్లు "అవును సార్" అని గడ్డిలో కూలబడ్డాడు.

"ఏమన్నారు?" అంది లూడీ.

"రమ్మన్నారమ్మా. చదువంతా వాళ్లదేనట."

ఆవిడ చేపముక్కల డబ్బా తెరిచి వాడి ఒళ్లో పెట్టింది. హోసియా ఆ పూట తినలేదు. ఆకలి గుర్తు రాలేదు.

బాట సంగతి ఊరంతా తెలిసి, శనివారం మైదానం దగ్గర పాత ఆటగాళ్లు చేరారు. క్షవరం చేసేవాడు, బీమా అమ్మేవాడు, పొట్టలేసుకుని వచ్చి, తమ పాత అంకెల్లో ఒక పదో వంతు తీసేయమన్నారు. హోసియా అందరికీ తీసేశాడు.

చివర్లో దుంగల లారీ ఆగింది. హోసియా కొడుకు లోంజో దిగాడు. పదిహేడేళ్ల క్రితం వాడూ ఈ బాట మీదే పరిగెత్తాడు, వాడి కోసం ఏ కాలేజీ రాలేదు.

"అయితే నేను బాగానే పరిగెత్తానన్నమాట."

లూడీ అంది, "నువ్వు బాగానే పరిగెత్తావురా. మేమే కొలవలేకపోయాం."

లోంజో తల్లిని చూశాడు, తండ్రిని చూశాడు. గీత దగ్గరికి వెళ్లి వంగాడు. "గడియారం తియ్యి నాన్నా."

పరిగెత్తాడు. దాటాక ఆగలేక కంచెను గుద్దుకున్నాడు. "ఎంత?"

"ఐదు పాయింట్ తొమ్మిది."

"గజం తీసేశాకేనా?"

"తీసేశాకే."

లూడీ కొంగులా పట్టుకున్న ఏప్రన్‌లో మొహం దాచుకుని నవ్వుతోంది. "బూట్ల వల్ల," అన్నాడు లోంజో. విప్పి పక్కన పెట్టి, మళ్లీ గీత దగ్గరికి నడిచాడు.