గాలి మధ్యాహ్నం వస్తుంది

మా మేనమామ పోయాడు. ఆళ్లగడ్డలో తన అంగడిలోనే, భోజనం చేసి కుర్చీలో వెనక్కి వాలినవాడు మళ్లీ లేవలేదు. అత్త ఫోన్ చేసినప్పుడు నేను నంద్యాలలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో నిలబడి, మామకూ నాకూ రామేశ్వరం వైపు పోయే బస్సులో సీట్లు అడుగుతున్నాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపమే. "ఇంకొక్క నెల ఆగలేకపోయావా మామా" అని అక్కడే పైకి అనేశాను. సీట్లు చూస్తున్న మనిషి తననే అన్నాననుకుని బిక్కమొహం వేశాడు.

మామది టార్పాలిన్ పట్టల వ్యాపారం. కళ్లాల్లో ఒడ్లు, శనగలు వానపాలు కాకుండా రైతులు కప్పుకునే పట్టలు. అంగడి ముందు పట్ట విప్పి చూపించేటప్పుడు గాలి దూరితే మనిషిని నాలుగడుగులు లాక్కుపోయేది. కొనడానికి వచ్చినవాళ్లు భయపడి వదిలేసేవాళ్లు. మామ మాత్రం కొసలు వదలకుండా నవ్వుకుంటూ దాని వెంట పోయేవాడు. "గాలి అడిగి రాదప్పా, వచ్చినప్పుడు పట్ట ఇప్పల్ల" అనేవాడు.

అలాంటి మనిషికి పోయినేడాది ఎవరో ఫోన్లో ఒక వీడియో పంపారు. సముద్రం మీద ఒకడు కాళ్ల కింద పలకతో జారిపోతున్నాడు, నడుముకు తగిలించుకున్న తాళ్ల చివర పెద్ద గాలిపటం. దాన్ని కైట్ సర్ఫింగ్ అంటారని నేనే చెప్పాను. అరవైకి దగ్గరపడిన మనిషి, ఆ సాయంత్రమే మళ్లీ ఫోన్ చేశాడు. "అమ్మీ, అది యాడ నేర్పుతారో సూడు. నాకు ఈత వచ్చు గదా. కేసీ కాలవలో నేను ఈదని తావుందా?"

రామేశ్వరం దగ్గర ఒక తీరంలో నేర్పుతారని తెలిసింది. అక్కడి గాలి సంగతి మామకు విడమరిచి చెప్పాను. ఎండకు నేల కాలుతుంది, దాని మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది, అప్పుడు సముద్రం మీది చల్లగాలి ఒడ్డుకు తోసుకొస్తుంది. అందుకే ఎండాకాలంలో పొద్దున ఆకు కదలకపోయినా మధ్యాహ్నం గాలి తప్పకుండా వస్తుంది. కొన్ని రోజులు అక్కడే ఉండి, మధ్యాహ్నాలు నేర్చుకోవాలి. నేర్పే అతనితో కూడా మాట్లాడాను. అంతా కుదిరిందనుకున్నాను.

మా ఇళ్లలో ఒక్కరే ఊరు దాటడమనేది లేదు. పంటి డాక్టరు దగ్గరికైనా ఆటో నిండా పోతాం. మామ భోజనాల దగ్గర రామేశ్వరం అనే మాట అన్నాడు, అంతే. మా పెద్దమ్మ, అంటే మామకు అక్క, ముద్ద నోటిదాకా తెచ్చి ఆపేసింది.

"ఆడిదాకా పోయి సామిని సూడకుండా వస్తావా? నువ్వొక్కనివే పోతే మేమేం పాపం చేసినామప్పా?"

"రాండక్కా, అందరం పోదాం" అన్నాడు మామ. ఆలోచించను కూడా లేదు.

వ్యాను కుదిరింది. దాంతోపాటు గ్యాసు పొయ్యి, బియ్యం మూట, ఊరగాయ జాడీ, దారి పొడుగునా గుళ్లు కుదిరాయి. నేను ఫోన్లో అరిచాను. "మామా, నువ్వు అసలు పోయేది ఏందానికి? గట్టిగా చెప్పొచ్చు గదా!"

"పోనీలే అమ్మీ, నలుగురితో నారాయణ. ఆడికి పోయినాక నా పని నేను సూసుకుంటా."

గాలిపటం సంగతి అప్పటికే చెవిన పడ్డ పెద్దమ్మ గొంతు పక్కనుంచి వినిపించింది. "గాలికి పోయే కంప తలకు తగిలించుకునేదంటే ఇదే!"

రామేశ్వరం చేరాం. సముద్రస్నానమంటే మావాళ్లకు తెల్లవారుజామునే. అందరం మునిగాం. ఆ తర్వాత గుడి. సందు చూసుకుని మామా నేనూ ఆటోలో ఆ తీరానికి పోతే, నీళ్లు పళ్లెంలో పోసినట్టు ఉన్నాయి. నేర్పే అతను గాలిపటం మడిచి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం రమ్మన్నాడు. మధ్యాహ్నానికి మా వ్యాను మదురై బయల్దేరాలి. ఒక్క పూట ఆగుదామని పెద్దమ్మను బతిమాలాను.

"సముద్రంలో మునిగినాడు గదా, ఇంగేం కావల్లంట?" అంది.

మామ వైపు చూశాను. ఆయన గ్యాసు సిలిండరు వ్యానులోకి ఎక్కిస్తున్నాడు. అది ఆయన కాలి మీద పడితే బాగుండు, ఆ వంకతోనైనా ఒకరోజు ఆగుతాం అనిపించింది.

ఈ మనిషే ఒకప్పుడు నా కోసం ఇంటిల్లిపాదితో పోట్లాడాడు. ఆడపిల్లను నంద్యాల హాస్టల్లో వేసేది లేదని ఇంట్లో అందరూ అన్నప్పుడు, అంగడి మూసి వచ్చి మా వసారాలో కూర్చున్నాడు. "పాప సదువుకుంటాది. కాదంటే నేనీడ నుంచి లేసేది లేదు" అన్నాడు. ఒప్పుకునేదాకా మంచినీళ్లు కూడా ముట్టలేదు. నా ఉద్యోగం, నా జీతం, నేను నిలబడిన తీరు అన్నీ ఆయన చలవే. నాకోసం అంత మాట అన్నవాడు తనకోసం నోరు మెదపలేదు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అందుకే ఈసారి ఇద్దరమే పోదామని, ఇంట్లో ఊరి పేరు ఎత్తొద్దని ఒట్టు వేయించుకున్నాను. ఒట్టు నిలబెట్టుకున్నాడు. మనిషే నిలబడలేదు.

శవం దగ్గర అందరూ ఒకటే మాట. మంచి మనిషి, ఎవరికీ ఎదురుచెప్పి ఎరగడు అని. వింటుంటే ఒళ్లు మండింది. పెద్దమ్మ తల బాదుకుంటూ "నా మాట ఏనాడన్నా దాటినాడా నా తమ్ముడు!" అని ఏడ్చింది. దాటాడు పెద్దమ్మా, నువ్వే మర్చిపోయావు అని చెప్పాలనుకున్నాను. తల బాదుకుంటున్న ఆమె చేతులు పట్టుకున్నాను.

ఆరోజు మదురై పోతూ, వ్యాను మీద వంట గిన్నెల కట్టు వదులైతే డ్రైవరు తీరం పక్కనే ఆపాడు. అప్పటికి గాలి వచ్చేసింది. దూరంగా నీళ్ల మీద ఒక గాలిపటం లేస్తోంది. మామ ఎవరికీ చెప్పకుండా దిగి, చెప్పులు వదిలేసి, నీళ్ల దాకా నడిచాడు. భుజం మీది తువ్వాలు తీసి రెండు చేతులతో తలపైకి ఎత్తి పట్టుకున్నాడు. డ్రైవరు హారన్ కొట్టాడు. "ఒరే అప్పా, రారా, పొద్దు పోతాంది!" అని పెద్దమ్మ కిటికీలోంచి కేకేసింది. ఒక్క పిలుపుకే పరిగెత్తుకొచ్చే మనిషి వెనక్కి తిరగలేదు. మళ్లీ పిలిచింది, మళ్లీ హారన్ మోగింది. తువ్వాలు నిండుగా ఉబ్బింది. గాలి ఆయన్ని మా వైపే తోస్తోంది, ఆయన సముద్రం వైపే వంగి, మడమలు ఇసుకలో దిగబడేలా నిలబడ్డాడు.