నొప్పి లేని పాదం

పాదాల మాస్టారంటే ఆ వీధిలో తెలియనివారు లేరు. చెప్పుల షాపులో ఉద్యోగం చేసినంతకాలం ఆయన చూడని పాదం లేదు, తప్పు చెప్పిన సైజు లేదు. రిటైరయ్యాక అరికాళ్లు నొక్కి చేసే రిఫ్లెక్సాలజీ వైద్యం నేర్చుకున్నారు. సర్టిఫికెట్టు పటం కట్టించి ముందుగదిలో తగిలించారు. పక్కనే అరికాళ్ల బొమ్మ. బొటనవేలు తలకు గుర్తు, మధ్య గుంట పొట్టకు, మడమ నడుముకు. నొక్కినచోట నొప్పి పుడితే ఆ భాగంలో ఏదో తేడా ఉన్నట్టని ఆ విద్య చెబుతుంది. ఇది మందులకు తోడు మాత్రమేనని, మందులు మానకూడదని నేర్పినావిడ గట్టిగా చెప్పింది. ఆ ముక్క మాత్రం బొమ్మ మీదికి ఎక్కలేదు.

నిద్రపట్టని బ్యాంకు మేనేజరు మాస్టారి కుర్చీలోనే గురక పెట్టాడు. తలనొప్పితో వచ్చిన టీచరమ్మ నవ్వుకుంటూ వెళ్లింది. ఇవన్నీ వచ్చినవారికల్లా మాస్టారే చెబుతారు కాబట్టి ఎవరూ మరిచిపోయే వీలు లేదు.

లొంగనిది సొంత అక్క ఒక్కతే. తను ముక్కు తుడిచి పెంచినవాడి చేత వైద్యమేమిటని కొట్టిపారేసేది. అలాంటిది ఓ సాయంత్రం తనే వచ్చి కూర్చుంది. షుగరు మాత్రలు మింగీ మింగీ విసుగొచ్చిందట. తమ్ముడు సరేనంటే మానేస్తుందట.

మాస్టారి ఛాతీ ఉబ్బింది. బొటనవేలు నొక్కి నొప్పా అని అడిగారు. లేదంది. గుంటలో నొక్కారు, మడమ మీద బలమంతా పెట్టారు. ఎక్కడా లేదంది.

"ఇంత శుభ్రమైన పాదం నా సర్వీసులో చూడలేదక్కా. నిక్షేపంలా ఉన్నావు. ఇంకా ఆ మాత్రలెందుకు?"

అక్క ముఖం వెలిగింది. మాస్టారు అదే ఊపులో రెండో పాదం ఒళ్లోకి తీసుకున్నారు. అరికాలి మధ్య ఏదో మెరిసింది. వంగి చూస్తే చిన్న మేకు. చుట్టూ చర్మం వాచి ఎర్రబడింది. గుమ్మం దగ్గరున్న ఆమె చెప్పు తిరగేసి చూస్తే అట్ట ఊడి, ఓ మేకు తక్కువైంది. ఆ జత ఆయన ఏరి తెచ్చినదే.

"ఇదెప్పుడు గుచ్చుకుందక్కా?"

"ఏది?" అంది అక్క, గోడ మీది బొమ్మ చూస్తూ.

మాస్టారు గుడ్డ చుట్టి, ఆటో పిలిచి, ఆస్పత్రికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ మేకు తీసి కట్టు కట్టింది. షుగరు ముదిరి పాదాల్లో స్పర్శ పోయిందని, ఇంకా ఆలస్యమైతే కాలికే ఎసరొచ్చేదని చెప్పింది. మాత్రలు మానవద్దంది, అరికాళ్లు రోజూ ఎవరైనా చూడాలంది. తర్వాత మాస్టారి వైపు తిరిగి, ఏం చేస్తుంటారని అడిగింది.

"చెప్పుల షాపులో చేసేవాణ్ణండీ" అన్నారాయన.

అక్క ఆయన వంక అదోలా చూసింది.

ఇప్పుడు పొద్దున్నే మాస్టారు అక్క ఇంటికి వెళ్లి, కిటికీ వెలుతురులో ఆమె అరికాళ్లు చూస్తారు. చెప్పుల్లో చెయ్యిపెట్టి తడుముతారు.

"నొక్కవేంరా, వైద్యుడా?" అంటుంది అక్క.

"ముందు మాత్ర వేసుకో" అంటారాయన.