నూకాలమ్మ గోత్రం

సింగపూర్‌లో కొత్తగా ఏ తెలుగువాడు ఎదురైనా సాంబమూర్తిగారు పేరు అడగరు, ఊరు అడగరు, జీతం అసలే అడగరు. "ఏ విమానంలో వచ్చినావు?" అంటారు. ఎయిర్‌లైన్ పేరు చెబితే ఒప్పుకోరు. ఆయనకు కావలసింది విమానం తోక మీది అక్షరాలు. అవి ఎవరికి గుర్తుంటాయి? ఆయనకు తప్ప ఎవరికీ ఉండవు. వచ్చిన తేదీ, ఎక్కిన ఊరు చెబితే చాలు, సంచిలోంచి అట్ట ఊడిన నోట్‌బుక్ తీసి, వేలితో గీతలు వెతికి, "మరిడమ్మ!" అని తీర్పు చెబుతారు.

మరిడమ్మ అంటే విమానమే. ముప్పై ఏళ్లు విమానాల మరమ్మతు షెడ్డులో మెకానిక్‌గా చేసి రిటైరైన ఆయన, తన చేతులు పడ్డ ప్రతి జంబోకీ అనకాపల్లి చుట్టుపక్కల అమ్మవార్ల పేర్లు పెట్టుకున్నారు. మరిడమ్మ, పైడితల్లి, అందరికంటే పెద్దది నూకాలమ్మ. ఏ రోజు వచ్చినా సరే, ఒకే విమానంలో వచ్చినవాళ్లంతా ఆయన లెక్కలో ఒకే గోత్రం.

"మరి మీది ఏ గోత్రం ఆంటీ?" అని ఎవరైనా అడిగితే, ఆయన భార్య కుమారమ్మగారు పెదవి విరిచేవారు.

"నాకేటి గోత్రం బాబూ! నేను మద్రాసులో ఓడెక్కి వచ్చినాను. పాపం గోత్రం లేని పిల్లనని ముప్పై ఏళ్ల నుంచి నా మీద జాలిపడుతున్నాడీయన."

రెండు వేల సంవత్సరంలో, కంప్యూటర్ తెలిస్తే చాలు పిలిచి వీసా ఇస్తున్న రోజుల్లో, కరీంనగర్ కుర్రాడు వివేక్ చెన్నైలో విమానం ఎక్కాడు. పక్క సీట్లో అరుణ కూర్చుంది. ఆమె ఆవకాయ సీసా మూత ఊడి నూనె వివేక్ కొత్త చొక్కా మీద కారింది. ఆ మరక పోలేదు, ఆ పరిచయమూ పోలేదు. ఏడాది తిరిగేసరికి ఇద్దరూ పెళ్లి చేసుకుందాం అనుకున్నారు. అరుణ సాంబమూర్తిగారి మేనకోడలు. యీషున్‌లో ఆయన ఫ్లాట్‌లోనే ఉండేది. "మా అన్నయ్య మాటే నా మాట" అని ఊళ్లో వాళ్లమ్మ తేల్చేసింది.

అన్నయ్యగారు కులం చూడలేదు, కట్నం మాట ఎత్తలేదు. నోట్‌బుక్ తీశారు.

"ఇద్దరూ మరిడమ్మే. సగోత్రం. అన్నాచెల్లెళ్లకి పెళ్లేటి, కళ్లు పోతాయి!"

"అంకుల్, గది ఫ్లైట్! నాలుగు వందల మంది ఎక్కుతరు!"

"నాలుగు వందల మందీ తోబుట్టువులే" అన్నారు సాంబమూర్తిగారు కాఫీ చల్లార్చుకుంటూ.

అరుణ నవ్వింది. వివేక్‌కు నవ్వు రాలేదు. ఆర్నెల్లు బతిమాలాడు. ఆయన కదల్లేదు. ఇంతలో అసలు పిడుగు వేరే చోట పడింది. డాట్‌కామ్ కంపెనీలు ఒకటొకటిగా మూతపడి, వివేక్ ఉద్యోగం ఊడింది. నెల రోజుల్లో ఇంకోటి దొరక్కపోతే దేశం విడిచి వెళ్లాలి. ఉద్యోగం లేని అల్లుడిని ఏ మేనమామ ఒప్పుకుంటాడు? అరుణకు కూడా చెప్పలేదు. రోజూ టై కట్టుకుని బయల్దేరి, లైబ్రరీలో అప్లికేషన్లు పంపి, హాకర్ సెంటర్ తిండి కొట్ల దగ్గర టీతో పొద్దుపుచ్చి, సాయంత్రం అలసిపోయినట్టు ఇంటికి చేరేవాడు.

ఇరవై రోజులు గడిచాయి. అప్పుడు సాంబమూర్తిగారి దగ్గర్నుంచి ఫోన్.

"ఆదివారం పొద్దున్న ఎయిర్‌పోర్టుకి రా. నూకాలమ్మ కాశీ వెళ్లిపోతంది."

ఆయన భాషలో కాశీ అంటే అమెరికా ఎడారి. ముసలి విమానాలను అక్కడికి తోలి వరసగా నిలబెడతారు. గాలిలో తడి ఉండదు కాబట్టి తుప్పు పట్టదు. ఇంజన్లు ఒకరు, చక్రాలు ఒకరు, సీట్లు ఇంకొకరు పట్టుకుపోతారు. చివరికి మిగిలిన దాన్ని కోసి తుక్కు చేస్తారు. ఏ విమానం వెళ్లినా దాని గోత్రం వాళ్లను పోగుచేసి సాగనంపడం ఆయన ఆచారం.

తనది ఆ గోత్రం కాకపోయినా పెద్దాయన మాట తీసేయలేక వివేక్ వెళ్లేసరికి, విమానాలు చూసే గ్యాలరీలో అద్దం పొడుగునా టిష్యూ ప్యాకెట్లు వరసగా పెట్టి ఉన్నాయి. హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్ పడేసి టేబుల్‌ను చోప్ చేసినట్టు, అంటే ముందే పట్టుకున్నట్టు, ఆయన పదిహేను మందికి కిటికీ చోప్ చేశారు! కుమారమ్మగారు అందరికీ పులిహోర పొట్లాలు పంచుతున్నారు. తువాస్ షిప్‌యార్డు నుంచి అప్పన్న వచ్చాడు. ఒక పెద్ద బ్యాంకులో కంప్యూటర్ విభాగం నడిపే జనార్దన్ సూటుతో వచ్చాడు. సిఫారసు అన్న మాట వింటేనే మండిపడే మనిషని ఆయనకు పేరు. పదిహేడేళ్ల కిందట నూకాలమ్మలోంచి దిగినప్పుడు ఆయన చేతిలో ఉన్నది ఒక్క రేకు పెట్టె.

దూరాన నూకాలమ్మ మెల్లగా రన్‌వే మీదికి మళ్లింది. కంపెనీ రంగులు చెరిపేసిన ఒంటితో బోసిగా ఉంది. సాంబమూర్తిగారు గొంతు సవరించుకున్నారు.

"జనార్దనం, నువ్వు పెద్దకొడుకువి. ఇదిగో, వివేకు. నీ ఆఖరి తమ్ముడు."

వివేక్ తుళ్లిపడ్డాడు. "అంకుల్, నేను వచ్చింది మరిడ..."

కాలి మీద కుమారమ్మగారి చెప్పు గట్టిగా పడింది. వివేక్ ఆయన ముఖంలోకి చూశాడు. ముప్పై ఏళ్ల అక్షరాలన్నీ కంఠతా ఉన్న మనిషి తప్పు చెబుతున్నాడు! పాపం, మతిమరుపు మొదలైందనుకున్నాడు. నలుగురిలో పరువు తీయడం ఇష్టం లేక ఊరుకున్నాడు.

నూకాలమ్మ పైకి లేచింది. జనార్దన్ అద్దానికి నుదురు ఆనించి, మబ్బుల్లో కలిసేదాకా చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని వివేక్ వైపు తిరిగాడు.

"ఏం చేస్తున్నావు తమ్ముడూ?"

ఎందుకో వివేక్‌కు అబద్ధం రాలేదు. ఉన్నదంతా చెప్పేశాడు. "రేపు పది గంటలకి రా. పరీక్ష పెడతాను. తప్పితే తమ్ముడివైనా తీసుకోను" అన్నాడు జనార్దన్. వివేక్ తప్పలేదు.

ఉద్యోగం వచ్చింది గానీ మనసులో ముల్లు ఉండిపోయింది. పెద్దాయన మతిమరుపును వాడుకుని బాగుపడ్డానని బాధ. మిఠాయి పెట్టెతో యీషున్ వెళ్లి, మెల్లగా అన్నాడు:

"అంకుల్, ఏమనుకోవద్దు. మీరు ఒక్కసారి డాక్టర్‌కి చూపించుకుంటే మంచిది. నేను నూకాలమ్మలో రాలే."

లోపల్నుంచి కుమారమ్మగారు, అరుణ ఒకేసారి ఫక్కున నవ్వారు. సాంబమూర్తిగారు నోట్‌బుక్ తెరిచి చూపించారు. మరిడమ్మ పేజీలో వివేక్ పేరు కొట్టేసి ఉంది. నూకాలమ్మ పేజీలో అన్నిటికంటే చివర, కొత్త సిరాతో, "వివేక్, దత్తత" అని ఉంది.

"మంగళవారం మజ్జాన్నం మూడింటికి టై కట్టుకుని, యీషున్ హాకర్ సెంటర్‌లో ఒక్క టీ గంటసేపు తాగేవోడికి ఆఫీసు ఉంటాదేట్రా? సిఫారసంటే జనార్దనం కొడతాడు. తల్లి ఎల్లిపోతంటే తమ్ముణ్ని కాదంటాడేటి? అబద్ధం ఆడితే అమ్మవారు ఊరుకోదు. అందుకే శాస్త్రోక్తంగా దత్తత ఇచ్చినాను."

వివేక్ ఆయన కాళ్ల మీద పడబోయాడు. ఆయన మధ్యలోనే ఆపారు.

"ఆగు, అసలు సంగతి ఇంకా ఉంది. దత్తత పోతే గోత్రం మారిపోద్ది. ఇప్పుడు అరుణ మరిడమ్మ, నువ్వు నూకాలమ్మ. ముహూర్తం ఎప్పుడు పెట్టమంటావు?"

మూడు నెలల తర్వాత పెళ్లి పీటల మీద పంతులుగారు గోత్రం అడిగితే, వివేక్ తడుముకోకుండా "నూకాలమ్మ" అన్నాడు. పంతులుగారు తెల్లబోయి చూస్తుంటే, వెనక వరసలోంచి సాంబమూర్తిగారి గొంతు వినిపించింది.

"కరెక్టే చెప్పినాడు పంతులుగారూ! కావాలంటే తోక అక్షరాలు నేను చెబుతాను, రాసుకోండి."