చేతులు కడుక్కోని రోజు

మిరపకాయల తొడిమలు తీసే పనిలో చేరి నాకు ఇరవై రెండేళ్ళయింది. మార్టూరు నుంచి చిలకలూరిపేట వైపు వచ్చే రోడ్డు మీద ఒక కోల్డ్ స్టోరేజి ఉంది. దాని వెనక రేకుల షెడ్డు మాది. తొడిమ గిల్లి, మంచి కాయ ఒక పక్కకి, రంగు పోయిన తాలు కాయ ఇంకో పక్కకి వెయ్యాలి. మొదటి నెలంతా చేతులు మండి ఏడ్చాను. తర్వాత చర్మం మొద్దుబారిపోయింది. ఇప్పుడు మంట నాకు తెలియదు.

మాకు తెలియకపోయినా ఎదుటివాళ్ళకి తెలుస్తుంది కదా. అందుకే మా ఆడవాళ్ళందరికీ ఒక కట్టుబాటు ఉంది. పని దిగాక చేతులకి నూనె రాసి, శనగపిండితో రుద్ది కడుక్కుంటే తప్ప పిల్లల్ని ముట్టుకోం. నా ఇద్దరు పిల్లల్నీ అలాగే పెంచాను. ఒక్కరోజు కూడా తప్పలేదు. వీరబాబు కూతురు శ్రీరమ్య దగ్గర తప్పాను.

మా షెడ్డు గోడకి అవతల జూనియర్ కాలేజీ గ్రౌండు. అక్కడ ఆడపిల్లలు సాఫ్ట్‌బాల్ ఆడతారు. అదేం ఆటో మొదట్లో మాకు అర్థమయ్యేది కాదు. వికెట్లు ఉండవు. గుండ్రటి బ్యాటుతో బంతిని కొట్టి, నాలుగు మూలలూ చుట్టి మొదలుపెట్టిన చోటికే రావాలి. మూడుసార్లు బంతి తప్పితే అవుటు. మా కాలేజీ జట్టు జిల్లా పోటీలకి వెళ్ళిన రోజే ఓడిపోయి సాయంత్రం బస్సుకి తిరిగొచ్చేది. అవతలి జట్లవాళ్ళు వీళ్ళని “మిరపకాయ బస్తాలు” అనేవాళ్ళట.

పోయినేడు శ్రీరమ్య ఇంటర్లో చేరింది. వీరబాబు ట్రాక్టరు మీద పత్తి బోరాలు తోలతాడు. ఆ పిల్ల చిన్నప్పటినుంచీ తండ్రితో పాటు బోరాలెత్తింది, భుజాలు గట్టివి. ఆటలు నేర్పే ప్రేమదాసు సారు బ్యాటు చేతికిచ్చిన మూడో రోజే బంతి గోడ దాటొచ్చి మా కాయల కుప్పలో పడింది.

నా పక్కన కూర్చున్న నగ్మా ఉలిక్కిపడి లేచింది. “ఎవత్తే అది? నెత్తి పగిలేది!”

గోడ మీద ఒక తలకాయ కనపడింది. “సారీ ఆంటీ. బంతి ఇటెయ్యండి.”

“ఆంటీ ఏందే? వీరబాబు కూతురివి కాదూ? పిన్నీ అను, ఏస్తా,” అన్నాను.

“పిన్నీ పిన్నీ పిన్నీ. చాలా? ఇక ఎయ్యి.”

అప్పటినుంచి సాయంత్రం నాలుగైతే మా చెవులు గోడవైపే ఉండేవి. టప్పుమని చప్పుడొస్తే చాలు, అందరం తలలు పైకెత్తేవాళ్ళం. మా మేస్త్రి తిట్టేవాడు. “కాయలు చూడండమ్మా! ఆకాశంలో ఏముంది?”

“మా పిల్ల బంతి ఉంది. నువ్వూ చూడు,” అనేది నగ్మా.

ఆ ఏడు మా జట్టు మొదటి ఆట గెలిచింది. రెండోదీ గెలిచింది. ఫైనల్‌కి వెళ్ళింది. ఫైనల్ ఆదివారం, వేటపాలెంలో. ప్రేమదాసు సారు గోడ దగ్గరికొచ్చి మాతో చెప్పాడు. “రాష్ట్ర జట్టుకి పిల్లల్ని ఎంచేవాళ్ళు వస్తున్నారమ్మా. శ్రీరమ్య ఆ రోజు కొట్టిందంటే పేరు ఖాయం.” షెడ్డులో మా తొమ్మిదిమందికీ నిద్రపట్టలేదంటే నమ్మండి. మాలో ఏ ఒక్కరి పేరూ ఊరు దాటి వెళ్ళలేదు మరి.

ఆదివారం పొద్దున పదకొండు దాకా పనిచేశాం. టాటా ఏస్ బండి వచ్చి హారన్ కొట్టింది. అందరూ బోరింగు దగ్గరికెళ్ళి చేతులు రుద్ది కడుక్కున్నారు. నేను చివరి కుప్ప మీద పట్టా కప్పుతూ ఉండిపోయాను. “ఎక్కవే వెంకటేశ్వరమ్మా, నీకోసం ఆట ఆపరు,” అని నగ్మా అరిచింది. దారిలో కడుక్కోవచ్చులే అనుకుని ఎక్కేశాను. దారంతా ఆ పిల్ల గురించే కబుర్లు. చేతుల సంగతే మర్చిపోయాను.

ఆట చివరికొచ్చేసరికి మా వాళ్ళు ఒక్క పరుగు వెనకబడి ఉన్నారు. మా పిల్లలు ఇద్దరు మూలల మీద నిలబడ్డారు. ఇంకొక్కరు అవుటైతే ఆట అయిపోతుంది. బ్యాటు పట్టాల్సింది శ్రీరమ్య. వెళ్ళబోయేదల్లా మేం నిలబడ్డ తాడు దగ్గరికి వచ్చింది.

“పిన్నీ, కాళ్ళు వణుకుతున్నయ్యే.”

“వణకనియ్యి. చేతులు వణక్కుండా చూసుకో చాలు,” అని దాని మొహం రెండు చేతుల్లోకి తీసుకున్నాను. కళ్ళ మీద కారుతున్న చెమట బొటనవేళ్ళతో తుడిచాను. బుగ్గలు పుణికి, నా కణతల మీద మెటికలు విరిచాను. “పోవే తల్లీ. ముందు నా దిష్టే తగిలేట్టుంది.”

నవ్వుకుంటూ వెళ్ళింది.

మొదటి బంతి వచ్చేలోపే కళ్ళు చికిలించింది. బ్యాటు ఊపింది, తగల్లేదు. చొక్కా చేత్తో కళ్ళు నులుముకుంది. ఇంకా మండినట్టుంది, తల విదిలించింది. అప్పుడు నా చేతులు చూసుకున్నాను. గోళ్ళ సందుల్లో ఎర్రగా ఉంది.

ఆపండి అని అరవాలి. అరవలేదు. చేతులు మాత్రం కొంగులోకి వెళ్ళాయి.

రెండో బంతీ తప్పింది. మూడో బంతి వచ్చేసరికి ఆ పిల్ల కళ్ళు పూర్తిగా మూసుకుపోయాయి. బ్యాటు ఎత్తనే లేదు. అవుటు, ఆట పోయింది. బుగ్గల మీద నీళ్ళు ధారగా కారుతున్నాయి.

“ఏడుస్తందిరోయ్! మిరపకాయ బస్తా చిరిగింది!” అని అవతలివాళ్ళు ఈలలేశారు. రాష్ట్ర జట్టు కోసం వచ్చినాయన పక్కాయనతో అన్నాడు. “బలం ఉంది గానీ ధైర్యం లేదండీ.” ఆయన నాకు మూరెడు దూరంలో ఉన్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

సారు నీళ్ళ బాటిలు తెచ్చి దాని మొహం కడిగాడు. “ఏమైందమ్మా?”

“దుమ్ము పడింది సార్.”

తిరిగొచ్చేటప్పుడు బండిలో నగ్మా నా వైపు చూసింది. “ఏందే, చేతులు కొంగులో పెట్టుకున్నావు? చలేస్తందా?”

“ఆ, చలిగా ఉంది,” అన్నాను. ఎండ మండిపోతోంది.

సోమవారం షెడ్డులో అదే మాట. అంత దూరం పోయి ఏడ్చిందేంటి అని ఒకళ్ళు, తండ్రి పరువు తీసిందని ఇంకొకళ్ళు. నేనేమన్నానో తెలుసా? “చిన్నపిల్ల, భయపడుంటది,” అన్నాను. నా నోటితో నేనే అన్నాను. రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

మంగళవారం, బుధవారం గోడ అవతల చప్పుడు లేదు. శ్రీరమ్య గ్రౌండుకి రావడం మానేసింది. గురువారం పొద్దున ఇక ఉండబట్టలేక కాలేజీకి వెళ్ళి ప్రేమదాసు సారుకి అంతా చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు.

“రాష్ట్ర జట్టు లిస్టు నిన్న సాయంత్రమే వెళ్ళిపోయిందమ్మా. సోమవారం చెప్పుంటే నేను పోయి వాళ్ళ కాళ్ళావేళ్ళా పడేవాణ్ణి.”

అక్కణ్ణుంచి వీరబాబు ఇంటికి వెళ్ళాను. ఆ పిల్ల వాకిట్లో పత్తి బోరా కుడుతోంది. నేను నోరు తెరవకముందే అంది.

“నాకు తెలుసు పిన్నీ. మండగానే తెలిసింది.”

“మరి సారుకి దుమ్మన్నావేందే?”

“నువ్వని చెప్తే అందరూ నీ మీద పడరూ? నువ్వే వచ్చి చెప్తావని ఆగా.” దారం పళ్ళతో కొరికింది. “నాలుగు రోజులు ఆగా పిన్నీ.”

అరిచి ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే కాళ్ళు పట్టుకునేదాన్ని. అది మళ్ళీ సూది ఎక్కించుకుంది. నేను లేచొచ్చేశాను.

షెడ్డుకొచ్చి అందరి ముందూ చెప్పాను. “నీ చేతులు పడిపోనూ!” అని నగ్మా నెత్తి కొట్టుకుంది. మిగతావాళ్ళు తలొకటీ అన్నారు. అన్నీ పడ్డాను. మధ్యాహ్నం అందరూ కలిసి వీరబాబు ఇంటికి వెళ్ళొచ్చారు. నన్ను రమ్మనలేదు.

ఇరవై రోజుల తర్వాత సాయంత్రం టప్పుమని చప్పుడైంది. బంతి సరిగ్గా నా ముందు కుప్పలో పడింది. అందరూ నా వైపే చూశారు. గోడ మీద తలకాయ లేచింది.

“బంతి ఇటెయ్యి పిన్నీ.”

“ఉండు, కడిగి ఇస్తా.”

“కడిగితే బరువెక్కిద్ది. అట్టనే ఎయ్యి.”

నా చెయ్యి లేవలేదు. అది కాసేపు చూసి, గోడ దూకి వచ్చింది. వంగి బంతి తీసుకుంది. నేలమీద మట్టిలో బంతిని రెండుసార్లు దొర్లించి, చేతులు ప్యాంటుకి తుడుచుకుంది. నుదుటి మీంచి చెమట కారుతోంది. దాన్ని తుడుచుకోకుండానే మళ్ళీ గోడెక్కింది.