పెద్ద జీ, చిన్న జీ

పలాస జీడి ఫ్యాక్టరీలో నాగసుధ తల్లి పక్కన కూర్చుని ఆరేళ్లు పప్పు ఏరింది. తల్లి పోలమ్మకి ఇంగ్లీషులో వచ్చిన అక్షరం జీ ఒక్కటే. విరగని పెద్ద గుండుపప్పు డబ్బా మీద పెద్ద జీ, చిన్న గుండు డబ్బా మీద చిన్న జీ రాసేది.

ఇప్పుడు నాగసుధ ఇంటి నుంచే, ఫైళ్ల పాత రూపాలన్నీ దాచిపెట్టే సాఫ్ట్‌వేర్‌ని పరీక్షిస్తుంది. వరస చివర ఒక్క ఖాళీ ఎక్కువైనా, పప్పుకంటిన పొట్టులా ఆమె కంట పడుతుంది. రెండు వారాల పనిని రెండు ఫైళ్లలో పెట్టి, అలవాటు కొద్దీ ఒకదానికి పెద్ద జీ, రెండోదానికి చిన్న జీ, ఆ ఒక్క అక్షరాన్నే పేరుగా పెట్టింది. వాటిని ఆ సాఫ్ట్‌వేర్‌తోనే, ఆఫీసువాళ్లు పంపిన కొత్త ల్యాప్‌టాప్‌లోకి దించితే ఒక్కటే కనిపించింది. వెంటనే పై అధికారి వైదేహికి ఫోన్ చేసింది.

"ఏదీ పోలేదు. కొత్తదానికి ఆ రెండు అక్షరాలూ ఒకటే. పాతదాంట్లో చూడు."

రెండూ పదిలంగా ఉన్నాయి. నాగసుధ కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి పీల్చుకుంది. అప్పుడొచ్చింది కోపం.

"మాయమ్మ సేత్తో తడిమి ఏది పెద్దదో, ఏది సిన్నదో సెప్పేత్తాది మేడమ్. ఇంత యంత్రానికి ఆపాటి తెలీదేటి?"

"ఆ తప్పే రాసి పంపు. అలాంటి చోట మన సాఫ్ట్‌వేర్ ముందే హెచ్చరించాలి. మాకెవరికీ అలా పేరు పెట్టి చూడాలని తోచలేదు."

నాగసుధ రాసింది. తప్పు కనిపెట్టినవారి పేరు దగ్గర పోలమ్మ అని పెట్టింది.